ట్రాలీ చెయ్యి

సోమవారం నా డిగ్రీ రిజల్టు అచ్చింది. పాసైన! మా అవ్వ దిక్కు చూసినా, మా బాపు దిక్కు చూసినా, ఎంత ఎనుకకు పోయినా డిగ్రీ పాసైన మనిషి లేడు. నేనే మొదలు. దాని మీద ఇంకోటి, సిరిసిల్లల ఉద్యోగం ఖాయమైంది. ఒకటో తారీకు జాయినింగు. ఆగబట్టలేక ఎవలు కనపడితె వాళ్లకు చెప్పిన. రాయికల్ బస్సుల కండక్టరమ్మకు చెప్పిన. కిరాణం దుకాణపాయినకు రెండుసార్లు చెప్పిన. రెండోసారి ఆయిన "పొద్దుగాలనే చెప్తివి గద బిడ్డా" అన్నడు. మా అవ్వ ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చేస్తున్నది, లేవలేదు. కని ఆ పూట ఆమె చేసిన బీడీలు సగం వదులుగ అచ్చినయి. కార్ఖానల తీసి పారేస్తరని తెలిసి గూడ నవ్వింది.

ఇంతమందికి చెప్పిన గని ఒక్క మనిషికి చెప్పక ఈ సంబురం సగమే ఉన్నట్టున్నది. మా కాక. మా బాపు తమ్ముడు. పోయిన వానకాలంల పోయిండు, పండుకున్నోడు పండుకున్నట్టె, గుండె ఆగి. ఉంటె "సబాష్" అనెటోడు కాదు ఆయిన. చాయ్ గిలాస పక్కకు పెట్టి, కండ్లు చిన్నగ చేసి, ఒక్కటే అడుగుతుండె.

"ఎన్నోసారి?"

ఎవలు ఏం పాసైనా గదే అడిగెటోడు. జగిత్యాలల కండ్ల డాక్టరును గూడ అడిగిండు. "సారూ, డాక్టరు పరీక్ష ఎన్నోసారికి పాసైండ్రు?" పక్కకు కూసున్న మా చిన్నమ్మకు పానం పోయినంత పనైంది. ఆ డాక్టరు మంచోడు, నవ్వి, "ఒక పేపరు మూడుసార్లు రాసిన పెద్దమనిషీ" అన్నడు. బయటికి అచ్చినంక కాక చిన్నమ్మతోని, "ఈయిన మంచిగ చూస్తడు, ఈయిన తాన్నే అద్దాలు తీస్కుంట" అన్నడట. మొదటిసారికే పాసైనోళ్ల మీద ఆయినకు నమ్మకం లేదు. నాకు అకౌంట్స్ పేపరు మూడోసారికి గట్టెక్కింది. వింటె ఎంత ఖుషి అయితుండెనో.

మాది తాళ్లెక్కి కల్లు గీసే ఇల్లు. తాత ఎక్కిండు, బాపు ఎక్కిండు. కాక ఎక్కలేదు. మోకు ముట్టుకుంటెనే తల తిరుగుతది అనెటోడు. "మీరు పైకి పోండ్రి, నేను ఎనుకకు పోత" అని నవ్వెటోడు. ఎనుకకు పోవుడు అంటె ట్రాక్టరు రివర్స్. ఊర్ల దొరగారి ట్రాక్టరు మీద ఎక్కి కూసున్నోడు ఇరవై ఏండ్లు దిగలేదు.

ట్రాలీ కట్టిన ట్రాక్టరును ఎనుకకు తోలుడు ఎంత కష్టమో తోలినోనికే ఎరుక. ట్రాలీ ఎడమకు పోవాల్నంటె స్టీరింగు కుడికి తిప్పాలె. కుడికి పోవాల్నంటె ఎడమకు. అంతా ఉల్టా. జర ఎక్కువ తిప్పినవా, ట్రాలీ మోచెయ్యి లెక్క మడతపడి ట్రాక్టరు మీదికే అస్తది. కాక స్టీరింగును మీది దిక్కు పట్టెటోడు కాదు. కింది దిక్కు, కడుపు కాడ, ఒక్క చేత్తోని పట్టెటోడు. కింద పట్టుకుంటె లెక్క సీద అయితది. చెయ్యి ఎటు జరిపితె ట్రాలీ అటు పోతది. ఇది ఆయినకు ఎవలు చెప్పలేదు, చేతికే తెలిసింది. మెడ గూడ తిప్పెటోడు కాదు, నేల మీద ట్రాలీ నీడ చూసుకుంట పోయెటోడు. రాయికల్ అంగడి నాడు, అటు మక్కల బండి ఇటు మక్కల బండి, నడుమల నుంచి నిండు వడ్ల ట్రాలీ తీస్కపోయి మిల్లు గోడకు జానెడు దూరంల ఆపిండు. కూరగాయలు అమ్మే ముసలామె తక్కెడ పట్టుకున్నది పట్టుకున్నట్టె, "వీని చేతికి కండ్లున్నయారా" అన్నది. చిన్నమ్మ ఆ మాట ఇప్పటికీ వచ్చినోళ్లకు పోయినోళ్లకు చెప్తది.

ఆ చేతినే నమ్ముకొని మస్కట్ పోయిండు. మా దిక్కు మస్కట్ పోయినా సౌదీ పోయినా దుబాయి పోయిండనే అంటరు. కోరుట్లల ఏజెంటు కాక లైసెన్సు అటుమర్ల ఇటుమర్ల చూసి, "హెవీ ఉన్నది గదనే, ఇంకేంది? అక్కడ దిగంగనె కౌంటర్ల ఇయ్యి, వాళ్లది నీకిస్తరు" అన్నడు. కాక ఆ లైసెన్సును ప్లాస్టిక్ కవర్ల పెట్టి, మీద రబ్బరు ఏసి, పాస్‌పోర్టు కన్న పైలంగ పట్టుకపోయిండు.

అక్కడ కౌంటరుకు అద్దం, అద్దం కింద సందు. కాక లైసెన్సు అటు తోసిండు. ఆఫీసరు చూసి ఇటు తోసిండు. సరిగ చూడలేదేమో అని కాక మల్ల అటు తోసిండు. మల్ల ఇటు. "క్యారంబోర్డు లెక్క మూడుసార్లు పోయి అచ్చింది బిడ్డా" అని ఫోన్ల చెప్పిండు. కొన్ని దేశాలయి మారుస్తరట, మనయి మార్చరట. ఎన్నడు స్టీరింగు పట్టనోని లెక్క మొదటి నుంచి నేర్చుకొని, పరీక్షలు అన్ని పాస్ కావాల్నట.

"ఇరవై ఏండ్లు తోలిన బిడ్డా, ఇయ్యాల నా ఎనుక నేర్చుకునేటోడు అని బోర్డు పెట్టిండ్రు."

ఆయిన పోయింది టైల్స్ అమ్మే కంపెనీల డ్రైవరు పనికి. లైసెన్సు అచ్చెదాక లోడింగు చెయ్యమన్నరు. టైల్స్ డబ్బలు వీపు మీద పెట్టుకొని గోదాం నుంచి లారీకి, లారీ నుంచి గోదాంకు. నలభై ఐదేండ్ల నడుము. ఎండ సంగతి చెప్పనక్కర లేదు. అగ్రిమెంటు అయిపోయెలోపట లైసెన్సు తెస్తె పికప్ బండి ఇస్తరు, సీట్ల కూసుంటడు. తేకపోతె మొయ్యాలె, లేకపోతె ఇంటికి పోవాలె. ఆ వీపు ఎన్నొద్దులు ఆగుతదో ఎవలికి తెల్వది.

గప్పుడు నేను ఇంటర్ల ఉన్న. శుక్రవారం ఆయినకు సెలవు, శుక్రవారం నేను టీచరమ్మను. పరీక్షకు నేర్చుకునే రోడ్డు గుర్తుల బొమ్మలు ఫోటోలు కొట్టి పంపెటోడు, నేను చదివి తెలుగుల చెప్పేదాన్ని.

"కాకా, రౌండబౌట్ల మొదలు ఎవలికి దారి ఇయ్యాలె?"

"బర్రెకు."

"కాకా!"

"మరి మన రాయికల్ చౌరస్తల ఎవలకిస్తం?"

"లోపల తిరిగెటోనికి ఇయ్యాలె. రాస్కో."

"రాస్కున్న. బర్రె లోపలనే తిరుగుతున్నదనుకో?"

నవ్వి నవ్వి ఫోను కింద పడేసేదాన్ని. అటు నుంచి ఆయిన రూంల ఉండెటోళ్లు గూడ నవ్వుడు వినపడేది. నవ్వు ఆగినంక ఆయిన ఊపిరి వినపడేది. నడుం పట్టినోని ఊపిరి వేరే ఉంటది. కూసునెటప్పుడు ఒకటి, లేశెటప్పుడు ఒకటి.

బొమ్మల పరీక్ష మొదటిసారికే పాసైండు. అందుకే దాన్ని ఎన్నడు లెక్కల పట్టలేదు. డ్రమ్ముల కాడ ఆగిపోయిండు. మైదానంల డ్రమ్ములు నిలవెడ్తరు, బండిని ఎనుకకు తీస్కపోయి వాటి నడుమ ఆపాలె. ఏ డ్రమ్ముకు తాకినా ఫెయిలు. ఊర్ల ఎవలికి చెప్పినా నమ్మలేదు. మా కాక రివర్స్‌ల ఫెయిలా! చేప నీళ్లల్ల మునిగి సచ్చింది అన్నట్టున్నది. మా బాపు అయితె, "వాడు అక్కడ ఇంకేదో తప్పు చేసి మనకు గిట్ల చెప్తున్నడు" అన్నడు.

ఫెయిలు. నెల దాటినంక తారీకు దొరికింది, మల్ల ఫెయిలు. నేర్పే ఉస్తాదు అక్కడి ముసలాయిన, తెల్లటి గడ్డం, హిందీ మంచిగ అస్తదట. పక్కకు కూసొని తొడ మీద కొట్టుకునెటోడట. "ఉల్టా క్యోం కర్తా హై? ఉల్టా క్యోం?" ఒకపాలి కాక బండి మొదటి డ్రమ్మునే పడేసింది. ఒకపాలి ఏ డ్రమ్ముకు తాకకుంటనే పరీక్ష పెట్టే పోలీసాయిన కాళ్ల ముంగటికి పోయి ఆగిందట. నాలుగోసారి, ఐదోసారి. శుక్రవారం ఫోన్ల "ఏమాయె కాకా" అని అడుగుడు బందు పెట్టిన. ఆయినే చెప్పెటోడు, "డ్రమ్ము పడ్డది బిడ్డా" అని, ఊర్ల ఎవలో సచ్చిపోయిండని చెప్పినట్టు. ఏడోసారి గూడ పడ్డది. అగ్రిమెంటు ఐదారు నెలలు ఉన్నదనంగ సెలవు మీద అచ్చిండు. గల్ఫ్ నుంచి వచ్చినోళ్లు సెంటు వాసన కొడ్తరు. కాక నొప్పుల మందు వాసన కొట్టిండు.

అచ్చిన మూడోనాడు నన్ను పిలిచిండు. "బిడ్డా, నీళ్ల డ్రమ్ములు పట్టు."

చిన్నమ్మ వాకిట్ల అడ్డం నిలవడ్డది. "ఏవీ? నా డ్రమ్ములా? సొట్ట పడ్డదో, నీ మస్కట్ నీకు, నా ఇల్లు నాకు!"

"సొట్ట పడితె నీ మొగడు ఫెయిలైండని గుర్తు ఉంటది తియ్యి."

"గుర్తుకు ఏం తక్కువ? ఏడు ఉన్నయి!"

మిల్లు ఎనుక జాగల నాలుగు డ్రమ్ములు నిలవెట్టినం. పెండ్లిళ్లకు కిరాయికి తిరిగే పాత కారు ఒకటి అడిగి తెచ్చిండు. నేను పక్కకు కూసున్న. మస్కట్‌ల స్టీరింగు ఎడమ దిక్కు ఉంటదట, "ఏ దిక్కున్నా చెయ్యి ఇదే గద" అన్నడు. రివర్స్ ఏసిండు. పైన ఉన్న చెయ్యి తీసి కడుపు కాడికి తెచ్చి, స్టీరింగును కింద పట్టిండు. ఎడమకు పోవాలె. చెయ్యి ఎడమకు జరిపిండు. కారు కుడికి పోయి చిన్నమ్మ డ్రమ్మును పడగొట్టింది.

నాకు గప్పుడు తట్టింది. ఇంత చదువు చదువుకున్న గని, జిందగీల నా అంతట నేను కనుక్కున్నది గిదొక్కటే.

"కాకా, నువ్వు ట్రాలీ తోలుతున్నవ్."

"ట్రాలీ ఏది?"

"ట్రాలీ లేదు. చేతికి తెల్వదు లేదని."

తన చెయ్యి దిక్కు చూసుకున్నడు. మల్ల ఎనుకకు తిరిగి చూసిండు, నిజంగనే ట్రాలీ ఉన్నదేమో అన్నట్టు.

"చెయ్యి మీద పెట్టు కాకా. మీద పట్టుకుంటె సీద పోతది."

మీద పెట్టిండు. రివర్స్ ఏసిండు. బండి కదలంగనె చెయ్యి దానంతట అది కిందికి జారింది. రెండోసారి, మూడోసారి గూడ గంతే. "నేను చెప్తున్న బిడ్డా దానికి, అది వింటలేదు" అన్నడు. నేను నా చున్నీ తీసి స్టీరింగుకు కింది దిక్కు చుట్లు చుట్టి ముడేసిన, లావుగ, చేతికి పట్టు దొరకకుంట. ఇగ చెయ్యి కిందికి పోవుడు, గుడ్డ తగలంగనె ఉలిక్కిపడి మీదికి పోవుడు. గా నెలంత అదే పని. పొద్దుగాల చల్లగున్నప్పుడు రెండు గంటలు. ఒకనాడు పదిసార్ల ఎనిమిదిసార్లు నడుమల ఆగింది. నేను చప్పట్లు కొట్టిన. ఆయిన కొట్టలేదు. దిగి, కారు చుట్టు తిరిగి, డ్రమ్ముల నడుమల అటు ఇటు జానతోని కొలుసుకున్నడు.

మల్ల మస్కట్ పోయినంక ఎనిమిదోసారి గూడ డ్రమ్ము పడ్డది. తొమ్మిదోసారికి పాసైండు. నేను కాలేజి బస్సుల ఉన్న, వీడియో కాల్ చేసిండు. లైసెన్సు కార్డు ఫోను ముంగట పట్టిండు, కార్డే కనపడ్డది, మొఖం కనపడలేదు. ఎనుక ఉస్తాదు "ఉల్టా ఖతమ్! ఉల్టా ఖతమ్!" అని ఒర్రుతున్నడు. బస్సుల అందరికి చెప్పిన మా కాక పాసైండని. ఎవలో అడిగిండ్రు ఏ గ్రూపు అని.

ఇగ పికప్. ఇగ సీటు. డబ్బలు వేరేటోళ్లు ఎక్కించుడు, ఈయిన తోలుడు. నాలుగేండ్లు ఒక్క డెంటు పడలేదట. ఫోన్ల ఊపిరి మంచిగైంది. కూసున్నా లేసినా ఒక్క తీరుగ ఉండేది. ఎవలు ఏం చెప్పినా "ఎన్నోసారి" అని అడుగుడు గప్పుడే మొదలైంది.

నేను చెప్పాల్సింది ఇంకొకటున్నది. అది యాసంగి వడ్లప్పుడు, ఆయిన పదిహేను రోజుల సెలవు మీద అచ్చిన మూడోనాడు. మా బాపు కౌలుకు చేసిన పొలం కోసినం, వడ్లు బస్తాలు నింపి ట్రాలీల ఏసినం, కొనుగోలు సెంటరుకు పోవాలె. ట్రాక్టరాయినకు జరం. మొగులు పట్టింది. వాన పడ్డదా, వడ్లు తడుస్తయి, మల్ల ఆరబెట్టుడు, మల్ల లైను. మా బాపు నెత్తి పట్టుకున్నడు.

"ఏంటికి పరేశాను? నేనున్న గద" అన్నడు కాక. తువ్వాల నెత్తికి సుట్టుకొని ట్రాక్టరు ఎక్కిండు. ఇన్నేండ్లకు మల్ల ఆ సీట్ల కూసుంటె మా వాడకట్టంత నవ్వింది. నేను మట్గార్డు మీద కూసున్న. సెంటరు దాక ముంగటికి మంచిగనే పోయినం.

సెంటర్ల కాంట షెడ్డు లోపల ఉంటది. రెండు కుప్పల నడుమల నుంచి ట్రాలీని ఎనుకకు తీస్కపోయి షెడ్డుకు ఆనియ్యాలె. అరవై గజాల కంటె ఎక్కువ లేదు. మా కాకకు అది కన్ను మూసుకొని చేసే పని. హమాలీలు అరుగు మీద కూసున్నరు. వాళ్లల్ల పెద్దాయిన చూసి, "ఓ, నువ్వా! చేతికి కండ్లున్నోడు అచ్చిండు, జరగుండ్రి" అన్నడు.

కాక రివర్స్ ఏసిండు. ట్రాలీ నాలుగు గజాలు పోయి మడతపడ్డది.

ముంగటికి తీసిండు. మల్ల ఏసిండు. ఈసారి అటు దిక్కు మడతపడి, టైరు కుప్ప మీదికి ఎక్కింది. కుప్ప వాళ్లు లేచిండ్రు. "ఏయ్! మా వడ్లు!" మూడోసారి ట్రాలీ మూల ట్రాక్టరు టైరుకు గీసుకున్నది. ఎనుక లైన్ల ఉన్న ట్రాక్టర్లు హారన్లు కొడుతున్నయి. ఎవలో, "దుబాయి డ్రైవరు గదా, అక్కడ ఎనుకకు రోడ్లుండయి కావచ్చు" అన్నరు. నవ్విండ్రు.

కాక ఇంజను ఆపలేదు. చేతులు రెండు స్టీరింగు మీది దిక్కు పెట్టుకొని కూసున్నడు. నా దిక్కు తిరిగి మెల్లగ, పక్కోళ్లకు వినపడకుంట అడిగిండు.

"బిడ్డా, నేను చెయ్యి యాడ పెడుతుంటి?"

చున్నీ కట్టింది నేనే గద.

"కింద కాకా. కడుపు కాడ."

చెయ్యి తీసి కింద పెట్టుకున్నడు. అది ఎవలదో చెయ్యి తెచ్చి అక్కడ పెట్టినట్టు చూసిండు. రివర్స్ ఏసిండు. ట్రాలీ కదిలింది, జానెడు, మూరెడు, సీదగ పోతున్నది. గంతల, చూస్తుండంగనె, చెయ్యి మీదికి పోయింది. ట్రాలీ మడతపడ్డది.

ఇంజను ఆపిండు.

"కాకా, ఇంకా పన్నెండు రోజులున్నయి గద. పొద్దుగాల మిల్లు ఎనుక తోలుదాం. మల్ల అస్తది" అన్న.

"అస్తది బిడ్డా. ఇది అస్తె అది పోతది." తువ్వాల విప్పి మెడ తుడుచుకున్నడు. "పన్నెండు రోజులైతె నేను అక్కడ తోలాలె."

దిగిండు. ట్రాలీ డోరు కొండ్లు కొట్టి పడగొట్టిండు. మొదటి బస్తా రెండు చేతుల పట్టుకొని, ఒంగి, వీపు మీదికి తీస్కున్నడు. మా బాపు ఉరికచ్చిండు. "ఏందిరా గిది! నీ నడుము...! హమాలీలున్నరు గదరా!"

"వాళ్లు షెడ్డు కాడ దించాలె. ఆడికి తేలేకపోయింది నేను" అన్నడు.

మొగులు ఉరుముతున్నది. లైనుకు దారి ఇడువాలె. మా బాపు గూడ ఒక బస్తా ఎత్తుకున్నడు. నేను ఒక్కటి లేపబోయి లేపలేక, మూతి పట్టుకొని ఈడ్చిన. కాక పోతున్నడు, అస్తున్నడు. నాలుగో బస్తా కాడ ఆ ఊపిరి వినపడ్డది నాకు, ఫోన్ల వినపడ్డదే. కొద్దిసేపటికి నవ్వినోళ్లల్ల ఇద్దరు లేచి అచ్చి బస్తాలు అందుకున్నరు.

హమాలీల పెద్దాయిన గూడ అరుగు దిగి అచ్చిండు. కాక వీపు మీది బస్తాను సర్దుకుంట, నవ్వియ్యాలనే అన్నడు, "ఏం డ్రైవరు సాబు, నీ పేరు గూడ మా హమాలీల రాసుకోవాల్నా?"

"రాసుకో" అన్నడు కాక, బస్తా కింది నుంచి. "పన్నెండు రోజులకే రాసుకో."

షెడ్డుల బస్తా దించి, సీదగ నిలవడకుంటనే, ఇంకో బస్తాకు మర్రిండు.